రెండు ఊళ్లకు ఒకే ఫోను - ఎందుకు మేలు?

తెలుగు సినిమాల్లో పోలీసులు ఎప్పుడు వస్తారో మీ అందరికీ తెలుసు. హీరో ఒక్కడే పదిమందిని చితకబాది, విలన్ చేతులు విరిచి కట్టేశాక, ఆఖరి సీనులో జీపు వచ్చి ఆగుతుంది. చూసి నవ్వుకుంటాం. కాని నిజజీవితంలో సాయం అలా ఆలస్యమైతే నవ్వు రాదు.

ఒక్క లెక్క చూడండి. ఒక మనిషి గుండె ఉన్నట్టుండి ఆగిపోయిందనుకుందాం. పక్కనున్నవాళ్లు ఛాతీ మీద నొక్కి రక్తాన్ని ఆడించే ప్రథమ చికిత్స, అంటే సి.పి.ఆర్., చెయ్యకపోతే గడిచే ప్రతి నిమిషానికీ ఆ మనిషి బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. కనుక అత్యవసర సేవలో కొలవవలసినది కిలోమీటర్లను కాదు, నిమిషాలను.

ఆ నిమిషాలు ఎక్కడెక్కడ ఖర్చవుతాయి? మూడు చోట్ల. మొదటిది, మనం చేసిన ఫోను అవతల ఎవరైనా ఎత్తడానికి పట్టే కాలం. రెండవది, ఎక్కడ, ఏమి జరిగిందో వాళ్లకు తెలియడానికి పట్టే కాలం. మూడవది, బండి బయలుదేరి మన దగ్గరకు చేరడానికి పట్టే కాలం. ఇరుగుపొరుగు ఊళ్లు వేటికవి ఫోను పెట్టుకోవడం మేలా, అందరూ కలిసి ఒకే కేంద్రం పెట్టుకోవడం మేలా అన్న ప్రశ్నకు జవాబు ఈ మూడింటిలోనే ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

ఫోను ఉన్నా అందని సాయం

1935 నవంబరు 10న లండన్‌లోని వింపోల్ వీధిలో ఒక ఇంటికి నిప్పంటుకుంది. ఎదురింటాయన వెంటనే అగ్నిమాపక దళానికి ఫోను చేయబోయాడు. ఆ కాల్ కలవాలంటే ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు పలకాలి. ఆయన కాల్ మామూలు కాల్స్‌తోబాటు వరసలో ఉండిపోయింది. ఆ ప్రమాదంలో ఐదుగురు స్త్రీలు చనిపోయారు. ఎదురింటాయన పత్రికకు ఉత్తరం రాశాడు. ప్రభుత్వం విచారణ జరిపింది.

దాని ఫలితంగా 1937 జూన్ 30న లండన్‌లో 999 అనే నెంబరు వచ్చింది. ఆ నెంబరు తిప్పితే ఎక్స్ఛేంజిలో ఎర్రదీపం వెలిగి, పెద్దగా హారను మోగేది. ఆపరేటరు మిగతా పనులు ఆపి ముందు ఆ కాల్‌ను అందుకునేవారు. అమెరికాలో 911 నెంబరు మీద మొదటి కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న పట్నంలో మోగింది.

మన దగ్గర 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా 108 అంబులెన్సు సేవ మొదలైంది. దాన్ని నడిపిన సంస్థ పేరు ఇ.ఎమ్.ఆర్.ఐ. సికింద్రాబాదు శివార్లలో, మేడ్చల్ వైపు, దేవరయాంజాల్‌లో దాని కేంద్రం వెలసింది. కొద్ది సంవత్సరాల్లోనే అప్పటి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాలకూ ఆ ఒక్క కేంద్రమే ఫోను ఎత్తింది. ఒరిస్సా సరిహద్దున ఉన్న ఇచ్ఛాపురంలో మనిషి పడిపోయినా, తమిళనాడు సరిహద్దున ఉన్న కుప్పంలో పడిపోయినా ఫోను మోగేది దేవరయాంజాల్‌లోనే! 2014లో రాష్ట్రం రెండైన తరవాత రెండు రాష్ట్రాలూ ఈ సేవను వేరువేరుగా నడుపుకుంటున్నాయి.

వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు ఒకే చోట ఫోను ఎత్తడం ఏమిటి, ప్రతి ఊరికీ ఒక ఫోను, ఒక మనిషి ఉంటే నయం కదా అని మీకు అనిపించవచ్చు. అక్కడే ఉంది తమాషా.

పాచికలతో ప్రయోగం

ఇందాక సినిమా మాట వచ్చింది గనుక సినిమావాళ్ల చోటునే ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాదులో జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ పక్కపక్కనే ఉన్నాయి. ఫిల్మ్ చాంబరు, స్టూడియోలు, వాటి పక్కనే బస్తీలు, కొండరాళ్ల మీద బంగళాలు అన్నీ అక్కడ ఒకదాని నొకటి ఆనుకుని ఉంటాయి. సినిమా సెట్టు అంటే ప్లైవుడ్డు, గుడ్డ, రంగులు, థర్మోకోలు. పైన వేడెక్కే దీపాలు, కింద కరెంటు తీగలు. అగ్నిప్రమాదానికి ఇంతకన్నా ఏం కావాలి?

కేవలం లెక్క కోసం ఇలా ఊహించండి. జూబ్లీహిల్స్‌కు ఒక అత్యవసర ఫోను, ఒక ఆపరేటరు. ఫిల్మ్ నగర్‌కు వేరే ఫోను, వేరే ఆపరేటరు. ఒక్కొక్క కాల్‌కు సరిగ్గా 3 నిమిషాలు పడుతుంది.

లూడో ఆటలోని పాచికలు రెండు తీసుకోండి. ఎర్రది జూబ్లీహిల్స్, తెల్లది ఫిల్మ్ నగర్. రెండూ కలిపి ఒకసారి వేస్తే ఒక నిమిషం గడిచినట్టు. ఏ పాచికకు 1 పడితే ఆ పేటనుంచి ఆ నిమిషంలో ఒక కాల్ వచ్చినట్టు. 60 సార్లు వేసి, ఏ నిమిషంలో ఎక్కడినుంచి కాల్ వచ్చిందో కాగితం మీద రాసుకోండి.

ఉదాహరణకు జూబ్లీహిల్స్‌నుంచి 4వ, 5వ, 14వ నిమిషాల్లోనూ, ఫిల్మ్ నగర్‌నుంచి 11వ, 12వ నిమిషాల్లోనూ కాల్స్ వచ్చాయనుకుందాం. 4వ నిమిషంలో వచ్చిన కాల్‌తో జూబ్లీహిల్స్ ఆపరేటరు 7వ నిమిషం దాకా మాట్లాడతాడు. 5వ నిమిషంలో చేసినవాడు 2 నిమిషాలు ఆగాలి. అదే సమయంలో ఫిల్మ్ నగర్ ఆపరేటరు ఏం చేస్తున్నాడు? ఖాళీగా కూర్చున్నాడు! అలాగే ఫిల్మ్ నగర్‌లో 12వ నిమిషంలో చేసినవాడు 2 నిమిషాలు ఆగాలి. అప్పుడు జూబ్లీహిల్స్ ఆపరేటరు ఖాళీ. మొత్తం నిరీక్షణ 4 నిమిషాలు.

ఇప్పుడు ఆ ఇద్దరు ఆపరేటర్లనే ఒకే గదిలో కూర్చోబెట్టండి. ఏ పేటనుంచి కాల్ వచ్చినా ఖాళీగా ఉన్నవాడు ఎత్తుతాడు. 4వ నిమిషం కాల్‌ను మొదటివాడు, 5వ నిమిషం కాల్‌ను రెండోవాడు ఎత్తుతారు. 11వది మొదటివాడు, 12వది రెండోవాడు. 14వ నిమిషానికి మొదటివాడి పని అయిపోయింది గనుక దాన్నీ వెంటనే ఎత్తుతాడు. నిరీక్షణ సున్న!

మనిషిని పెంచలేదు. జీతం పెంచలేదు. ఫోను పెంచలేదు. కలిపి కూర్చోబెట్టామంతే. మీ పాచికలకు పడే అంకెలు వేరుగా ఉంటాయి. కాని ఈ ఆటలో కలిపినప్పటి నిరీక్షణ మొత్తం, విడిగా ఉన్నప్పటి నిరీక్షణకన్నా ఎన్నడూ ఎక్కువ కాదు. చేసి చూడండి.

ఎర్లాంగ్ చెప్పిన రహస్యం

ఈ విషయాన్ని గణితంలో పెట్టినవాడు డెన్మార్క్ దేశస్థుడు ఆగ్నర్ క్రారూప్ ఎర్లాంగ్ (1878-1929). ఆయన కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేశాడు. ఎవరు ఎప్పుడు ఫోను చేస్తారో ఎవరూ చెప్పలేరు. కాని వేలమంది చేసే కాల్స్‌ను కలిపి చూస్తే వాటి రాకలో ఒక క్రమం కనిపిస్తుందని 1909లో ఆయన నిరూపించాడు. ఇన్ని కాల్స్ వస్తే, ఇంతమంది ఆపరేటర్లుంటే, ఎంతమంది ఆగవలసి వస్తుందో చెప్పే సూత్రాలను 1917లో ప్రకటించాడు. టెలిఫోన్ రద్దీని కొలిచే ప్రమాణానికి ఇప్పటికీ ఆయన పేరే: ఎర్లాంగ్.

ఆయన సూత్రంతో మన లెక్క మళ్లీ చేద్దాం. ఈసారి కాల్స్ కొన్ని అరనిమిషంలో ముగుస్తాయి, కొన్ని ఐదు నిమిషాలు సాగుతాయి. సగటు 2 నిమిషాలు. ప్రతి ఆపరేటరూ తన కాలంలో సగం కాల్స్‌లో ఉంటాడు, సగం ఖాళీగా ఉంటాడు.

ఊరికి ఒకరు చొప్పున విడిగా కూర్చుంటే: ఫోను చేసినవాడు ఆగవలసిన సగటు కాలం 2 నిమిషాలు.

రెండు ఊళ్లవాళ్లు కలిసి ఇద్దరు కూర్చుంటే: సగటున 40 సెకన్లు.

నాలుగు ఊళ్లవాళ్లు కలిసి నలుగురు కూర్చుంటే: సగటున 10 సెకన్లకు కాస్త పైన.

ఒక్కొక్క ఆపరేటరు చేసే పని మూడు సందర్భాల్లోనూ ఒకటే. అయినా నిరీక్షణ 120 సెకన్లనుంచి 10కి దిగింది. కారణం మీరు పాచికలతో చూసిందే: ఒకచోట వరస పేరుకుపోతుండగా మరొకచోట మనిషి ఖాళీగా ఉండటం అనేది కలిసి కూర్చుంటే జరగదు. ఒకరి తొందర సమయం మరొకరి తీరిక సమయంతో సర్దుకుపోతుంది.

"రోడ్డు నెంబరు 10" ఎక్కడ?

ఫోను వెంటనే ఎత్తారు. ఇక రెండో ఘట్టం. ఈ సంభాషణ చూడండి.

"సార్, మా తాత కింద పడిపోయిండు! జల్దీ రండి!"

"కంగారు పడకు బాబూ. ఎక్కడున్నారు మీరు?"

"రోడ్డు నెంబర్ 10 సార్!"

"జూబ్లీహిల్సా, బంజారాహిల్సా?"

ఆ చివరి ప్రశ్నలోనే ప్రాణం ఉంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రెండూ పక్కపక్క పేటలు. రెండింటిలోనూ వీధులకు పేర్లకు బదులు నెంబర్లే ఎక్కువ. రోడ్డు నెంబరు 10 అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఆ పేటలో పుట్టి పెరిగిన ఆపరేటరు అయితే రెండు మాటల్లో గ్రహిస్తాడు. ఎక్కడో దూరాన కూర్చున్నవాడికి అది తెలియకపోవచ్చు. కలిపి పెట్టుకున్న కేంద్రానికి ఇది మొదటి బలహీనత.

దీనికి విరుగుడు రెండు విధాలు. ఒకటి యంత్రం. పాత రోజుల్లో ఇంటి ఫోనుకు ఒక చిరునామా ఉండేది. నెంబరు తెలిస్తే ఇల్లు తెలిసేది. సెల్ ఫోనుకు ఇల్లు లేదు. అది ఏ టవరు పరిధిలో ఉందో మాత్రం కంపెనీకి తెలుస్తుంది. ఒక టవరు కింద నగరంలో ఎన్నో వీధులుంటాయి గనుక అది చాలదు. అందుకే ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలనుంచి ఫోను తన స్థానాన్ని లెక్కకట్టుకునే జి.పి.ఎస్. పద్ధతి ముఖ్యమైంది. ఆరుబయట అది కొద్ది మీటర్ల తేడాతో చోటు చెప్పగలదు. అయితే కాంక్రీటు భవనాల లోపల, ఇరుకు సందుల్లో సంకేతం బలహీనపడుతుంది. మీరు ఏ అంతస్తులో ఉన్నారో చెప్పడం కూడా దానికి కష్టమే.

కనుక రెండో విరుగుడు మనిషే. పేట పేరు, దగ్గరున్న గుడి, బడి, హోటలు, బస్‌స్టాపు, సందు తిరిగే మలుపు. "పెద్దమ్మ గుడి దగ్గర" అన్న మూడు మాటలు యంత్రం చెప్పలేని సంగతిని చెబుతాయి. మంచి కేంద్రాల్లో ఫోను ఎత్తేవాళ్లకు ఈ గుర్తులన్నీ కంప్యూటరు పటంలో ఎక్కించి ఉంచుతారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఏది మాట్లాడినా అర్థమయ్యేవాళ్లను నియమిస్తారు. ఫోను ఎత్తినవారు ఇంకా మాట్లాడుతుండగానే, వారు రాసుకున్న వివరాలు బండిని పంపేవారి తెర మీద కనిపిస్తాయి. ఒక పని అయ్యాక మరొకటి కాదు, రెండూ ఒకేసారి!

దగ్గర అంటే ఎంత దగ్గర?

ఇక మూడో ఘట్టం. ఏ బండిని పంపాలి? "దగ్గరున్నదాన్ని" అంటారు మీరు. సరే, జామెట్రీ పెట్టె తెరవండి.

కాగితం మీద రెండు చుక్కలు పెట్టండి. అవి రెండు అంబులెన్సులు నిలిచి ఉన్న చోట్లు. ఆ రెండింటినీ కలిపే రేఖకు లంబ సమద్విఖండన రేఖ గీయండి. ఆ గీతకు ఇవతల ఉన్న ఏ చోటైనా మొదటి అంబులెన్సుకు దగ్గర, అవతల ఉన్నది రెండోదానికి దగ్గర. ఎన్ని బండ్లున్నా ఇలాగే గీతలు గీస్తూ పోతే నగరమంతా ముక్కలుగా విడిపోతుంది. ఇటువంటి పటాలను గణితశాస్త్రంలో వొరొనొయి పటాలు అంటారు.

ఇప్పుడు గమనించండి. పురపాలక సంఘం హద్దు, పోలీసు స్టేషను హద్దు ఈ గీతల వెంట నడవవు. 2023లో ఫిల్మ్ నగర్‌కు విడిగా పోలీసు స్టేషను ఏర్పడింది. హద్దు మారింది, కాని రోడ్లు మారలేదు, దూరాలు మారలేదు. ఫిల్మ్ నగర్ బండి ఇంకో పనిమీద వెళ్లి ఉంటే, జూబ్లీహిల్స్ బండి 2 కిలోమీటర్ల దూరంలో ఖాళీగా ఉందనుకోండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో అది 4 నిమిషాల్లో చేరుతుంది. "అది మా హద్దు కాదు" అని, 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫిల్మ్ నగర్ బండి తిరిగి వచ్చేదాకా ఆగితే 12 నిమిషాలు. మొదట చెప్పిన గుండె లెక్కను గుర్తు తెచ్చుకోండి. ఆ 8 నిమిషాలు ఎవరివి? పడిపోయినవాడివి.

ఒకే కేంద్రం ఉంటే అన్ని బండ్లూ ఒకే తెర మీద కనిపిస్తాయి. హద్దుతో పనిలేకుండా దగ్గరున్నది బయలుదేరుతుంది.

అయితే దగ్గర అంటే కాగితం మీద దగ్గర కాదు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య కె.బి.ఆర్. పార్కు ఉంది. పక్షి అయితే దాని మీదుగా ఎగిరిపోతుంది. అంబులెన్సు చుట్టూ తిరిగి రావాలి. అలాగే దుర్గం చెరువుకు ఇవతల జూబ్లీహిల్స్, అవతల మాదాపూర్. 2020 సెప్టెంబరులో ఆ చెరువు మీద తీగల వంతెన తెరిచారు. దానితో ఇరువైపుల మధ్య ప్రయాణకాలం ఒక్కరోజులో మారిపోయింది. జూబ్లీహిల్స్ హైదరాబాదు పోలీసు కమిషనరేటులో ఉంటే, మాదాపూర్ సైబరాబాదు కమిషనరేటు కిందికి వస్తుంది. అంటే వంతెన ఈ చివర ఒక నగర పోలీసులది, ఆ చివర మరో నగర పోలీసులది! నడుమ ప్రమాదం జరిగితే దారినపోయేవాడు హద్దు ఎక్కడో వెతుక్కోనక్కరలేదు. అతడు ఒక నెంబరు తిప్పితే చాలు. హద్దు సంగతి కేంద్రం చూసుకోవాలి.

అందుకే దేశమంతటికీ ఒకే నెంబరుగా 112ను తెచ్చారు. 2019 ఫిబ్రవరి 19న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా ఇందులో చేరాయి. పోలీసు, మంట, అంబులెన్సు ఏది కావాలన్నా 112 ఒక్కటి గుర్తుంటే చాలు. సెల్ ఫోను తాళం వేసి ఉన్నా అత్యవసర కాల్ చెయ్యవచ్చు.

గుడ్లన్నీ ఒకే గంపలో

కలిపి పెట్టుకోవడంలో ప్రమాదం లేదా? ఉంది. 2014 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక వింత జరిగింది. కొలరాడో రాష్ట్రంలోని ఒక కేంద్రం ఎన్నో రాష్ట్రాల 911 కాల్స్‌ను మళ్లించేది. వచ్చే ప్రతి కాల్‌కూ అక్కడి కంప్యూటరు ఒక వరస సంఖ్య ఇచ్చేది. ఆ సంఖ్యకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టారు. ఒక రాత్రి ఆ పరిమితి నిండిపోయింది. ఇంక ఇవ్వడానికి సంఖ్య లేక కంప్యూటరు కాల్స్‌ను వదిలేసింది. ఏడు రాష్ట్రాల్లో కోటీ పది లక్షల మంది ప్రజలకు కొన్ని గంటలపాటు సేవ దెబ్బతింది. 6,600కు పైగా కాల్స్ అందలేదు. చోట్లు వేరు, పొరపాటు ఒకటి, నష్టం అందరికీ!

రెండో ప్రమాదం మరొకటి. ఎర్లాంగ్ లెక్క పనిచెయ్యాలంటే ఆపదలు వేరువేరు సమయాల్లో రావాలి. 2020 అక్టోబరులో హైదరాబాదును వరద ముంచెత్తినప్పటిలా అన్ని పేటలకూ ఒకేసారి కష్టం వస్తే ఒకరి తీరిక మరొకరికి అక్కరకు రాదు, ఎవరికీ తీరిక ఉండదు గనుక. అందుకే ఇటువంటి కేంద్రానికి దూరంగా మరోచోట ప్రత్యామ్నాయ కేంద్రం సిద్ధంగా ఉండాలి. విపత్తు వేళ అదనపు మనుషులు వెంటనే వచ్చి కూర్చునే ఏర్పాటుండాలి.

మీ చేతిలో ఉన్నది

ఇక మూడో ప్రమాదం మనవల్లే వచ్చేది. సరదాకి 112కు ఫోను చేసి నవ్వి పెట్టేసేవాళ్లు ఉంటారు. "ఒక్క కాల్‌తో ఏమవుతుందిలే" అనుకుంటారు. ఎర్లాంగ్‌ను అడుగుదాం. కలిసి కూర్చున్న ఇద్దరు ఆపరేటర్ల ఉదాహరణలో నిరీక్షణ 40 సెకన్లు కదా. ఆకతాయి కాల్స్ వల్ల మొత్తం కాల్స్ ఒకటిన్నర రెట్లయ్యాయనుకోండి. నిరీక్షణ కూడా ఒకటిన్నర రెట్లయి 60 సెకన్లు కావాలి కదా? కాదు! అది 150 సెకన్లు దాటుతుంది. దాదాపు నాలుగింతలు. రద్దీ పెరిగేకొద్దీ నిరీక్షణ అంతకన్నా వేగంగా పెరుగుతుంది. రెండు ఊళ్లు కలవడంవల్ల దక్కిన లాభమంతా కొందరి సరదాకు కరిగిపోతుంది.

కనుక నిజంగా ఫోను చెయ్యవలసి వస్తే ఈ నాలుగు గుర్తుంచుకోండి. ముందు చోటు చెప్పండి: పేట, వీధి, దగ్గరున్న గుర్తు. ఫోను మధ్యలో తెగిపోయినా బండి బయలుదేరడానికి అది చాలు. తరవాత ఏమి జరిగిందో, ఎంతమందికో చెప్పండి. అడిగినవాటికి జవాబు చెప్పండి. ప్రశ్నలు అడుగుతున్నంతమాత్రాన బండి ఆగిపోయిందనుకోకండి. వాళ్లు చెప్పేదాకా ఫోను పెట్టకండి. బండి వచ్చేలోగా ఏం చెయ్యాలో వాళ్లే చెబుతారు. వీలైతే ఒకరు సందు మొదట నిలబడి దారి చూపండి.

ఆలోచించండి

1. జూబ్లీహిల్స్‌నుంచి 3, 4, 5 నిమిషాల్లో మూడు కాల్స్ వచ్చాయి. ఫిల్మ్ నగర్‌నుంచి 20వ నిమిషంలో ఒకటి వచ్చింది. కాల్ 3 నిమిషాలు. విడిగా ఉంటే, కలిసి ఉంటే మొత్తం నిరీక్షణ ఎంత? (జవాబు: 6 నిమిషాలు, 1 నిమిషం.)

2. మీ ఊరి పటం గీసి, దగ్గరలోని రెండు ఆసుపత్రులను గుర్తించి, మధ్య లంబ సమద్విఖండన రేఖ గీయండి. వాగు, రైలు గేటు, కొండ అడ్డం వస్తే ఆ గీత ఎటు జరగాలి?

3. ఊరికి కొత్తగా వచ్చిన డ్రైవరుకు మీ ఇంటి చోటు మూడే వాక్యాల్లో రాయండి. మీ స్నేహితుడికి ఇచ్చి, దాని సాయంతో ఇల్లు కనుక్కోగలడేమో చూడండి. కనుక్కోలేకపోతే ఏ మాట తక్కువైందో ఇప్పుడే సరిచేసుకోండి.